పేర్చుకునే టేకు భోజనం కుర్చీలు: మేకూ స్క్రూ లేకుండా కాళ్ళ జాయింట్ ఎలా?

సత్రం_పనులు (తిరుపతి)

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక సత్రం భోజనశాలకి 24 కుర్చీలు చేయాలి. ప్రతి బంతి లేచాక నేల కడుగుతారు. అప్పుడు కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి గోడవారకి జరపగలగాలి. ప్లాస్టిక్, ఇనుము వద్దన్నారు. టేకుతో, మేకులూ స్క్రూలూ లేకుండా, మోర్టైజ్–టెనన్ పనితోనే (ఒక చెక్కలో బెజ్జం, రెండోదానికి అందులో దూరే నాలుక) కావాలట.

ఇప్పటిదాకా వేసిన డ్రాయింగు కొలతలివి, అన్నీ మి.మీ.లో: సీటు వెడల్పు ముందు 460, వెనక 400, లోతు 420. సీటు ఎత్తు 440, వీపు పై అంచు 850. కాళ్ళు 40×40. సైడు పట్టీలు 70×24, ముందు కాలికీ వెనక కాలికీ మధ్యలో టెనన్. నేలకి 150 ఎత్తులో నాలుగు వైపులా కింది పట్టీలు.

ఇదే బొమ్మని ట్రేసింగ్ కాగితం మీద మళ్ళీ గీసి పైన పెట్టి చూస్తే రెండో కుర్చీ దిగే దారే కనబడటం లేదు. ఏం మార్చాలి? కింది పట్టీలు తీసేస్తే జాయింట్ నిలుస్తుందా? ఎన్ని పేర్చొచ్చు? చెక్క ఎంత పడుతుంది?

మూలమట్టం

మీ డ్రాయింగులో పేర్చడానికి అడ్డొచ్చేవి మూడున్నాయి: ముందు వెడల్పుగా ఉన్న సీటు, కాళ్ళ మధ్యలో ఉన్న సైడు పట్టీ, కింది పట్టీలు. జాయింట్ సంగతి తర్వాత. ముందు రెండు కొలతలు తేల్చుకోండి. పై కుర్చీ కింది కుర్చీ కన్నా ఎంత ఎత్తులో కూర్చుంటుంది, ఎంత ముందుకి జరుగుతుంది. మిగతా కొలతలన్నీ వీటి నుంచే వస్తాయి.

ఎత్తు: పై కుర్చీ సైడు పట్టీ అడుగు కింది కుర్చీ సీటు మీద ఆనాలి. పట్టీ 70, దాని మీద కూర్చునే అల్లిక సీటు చట్రం 20, మొత్తం 90. అంటే ప్రతి కుర్చీకీ దొంతర 90 పెరుగుతుంది.

ముందుకి జరగడం: పై కుర్చీ వెనక కాలు కింది కుర్చీ వెనక కాలికి ముందు నిలబడాలి. కాలి లోతు 40. కుర్చీ వెనక్కి పడకుండా వెనక కాలి అడుగుని 4 డిగ్రీలు వెనక్కి తన్నించాలి. ఆ వాలు వల్ల 90 ఎత్తుకి ఇంకో 6 మి.మీ. కావాలి. కదలడానికి రెండున్నర వదలండి. మొత్తం 49. వాలు ఎక్కువ చేస్తే ఒంటి కుర్చీ ఇంకా నిలకడగా ఉంటుంది, కానీ దొంతర ఇంకా ముందుకి వాలుతుంది. 4 డిగ్రీలు చాలు. ముందు కాలు నిటారుగానే ఉంచండి.

ముందుకి 49 జరిగినప్పుడు పై కుర్చీ వెనక కాళ్ళు కింది సీటు పక్కల మీదుగా దిగుతాయి. సీటు ముందుకి పోయేకొద్దీ వెడల్పైతే కాళ్ళు అక్కడే తగులుకుంటాయి. అందుకని 460, 400 వదిలేసి ముందూ వెనకా 420 ఒకటే చేయండి. సైడు పట్టీలు రెండూ సమాంతరం.

అదే కారణానికి సైడు పట్టీ కాళ్ళ మధ్యలో ఉండకూడదు, కాళ్ళ లోపలి ముఖానికి ఆనించి ఉండాలి. ముందు కాలు, వెనక కాలు, సైడు పట్టీ కలిపి ఒక చదునైన ఫ్రేము. ఆ ఫ్రేము మొత్తాన్ని కింద బయటికి, పైన లోపలికి 4 డిగ్రీలు వాల్చండి. 90 ఎత్తుకి ఫ్రేము పక్కకి 6.3 మి.మీ. జరుగుతుంది. కాలిలో పట్టీ కూర్చోవడానికి 4 మి.మీ. గాడి తీస్తే ప్రతి పక్కా 2.3 ఖాళీ మిగులుతుంది. పాలిష్ మందానికీ వానాకాలం ఉబ్బుకీ అది సరిపోతుంది.

ఈ వాలుతో నేల మీద వెడల్పు 535 దాకా వస్తుంది. వీపు పై అంచు దగ్గర రెండు కాళ్ళ మధ్య 350 ఉంటుంది. బల్ల దగ్గర ఒక్కొక్కరికి 600 చొప్పున వేసుకుంటే ఇబ్బంది లేదు. సీటు చట్రం మాత్రం 420 కాకుండా 416 చేయండి. ఫ్రేము లోపలికి వాలుతూ ఉంటే నిటారు అంచు పైన కొద్దిగా బయటికొస్తుంది. ఆ ఒకటిన్నర మి.మీ.కే పై కుర్చీ కాలు రాసుకుని పాలిష్ లేస్తుంది.

సత్రం_పనులు

చాలా స్పష్టంగా చెప్పారు సార్, కృతజ్ఞతలు. ఒక సందేహం. ముందూ వెనకా అడ్డంగా ఉండే కింది పట్టీలు కుదరవని అర్థమైంది, కింది సీటు ఆ దారినే లోపలికి రావాలి కదా. కానీ పక్కల పట్టీ, అంటే ముందు కాలికీ వెనక కాలికీ మధ్య ఉండేది, ఒక్కటైనా ఉంచలేమా? భోజనం చేసేవాళ్ళు వెనక్కి ఒరిగి కూర్చుంటారు, దెబ్బంతా వెనక కాలి జాయింట్ మీదే పడుతుంది.

మూలమట్టం

కుదరదు. కింది కుర్చీ ముందు కాలు పై కుర్చీ ముందు కాలికి 49 వెనక ఉంటుంది. అంటే పై కుర్చీ రెండు కాళ్ళ మధ్యలోకి వస్తుంది. రెండు ఫ్రేములకీ పక్కకి తేడా ఆరు మి.మీ. మాత్రమే కాబట్టి పక్కల పట్టీ సరిగ్గా ఆ కాలికి గుద్దుకుంటుంది. పట్టీని కాలి బయటి ముఖం మీద అంటించినా పక్క దొంతరకి తగులుతుంది, చూడటానికీ బాగుండదు. బలం పైనే తెచ్చుకోవాలి.

చేవ_చెక్క (చిత్తూరు)

పైన చెప్పిన లెక్క సరిగ్గా ఉండాది. దానికి తగ్గ జాయింట్ చెప్తాను. కింది పట్టీ లేని కుర్చీలో వెనక కాలు, సైడు పట్టీ, అడ్డపట్టీ మూడూ ఒకే చోట బిగుసుకోవాల. రెండు చెక్కల్ని అతికించి మూడోదాన్ని పక్కన పెడితే ఆర్నెల్లకి ఆడతాది.

అడ్డపట్టీలంటే రెండు సైడు ఫ్రేముల్ని కలిపేవి, ముందొకటి, వెనకొకటి. 60×24 చాలు. సైడు పట్టీ 70 కదా, పై అంచులు సమంగా పెట్టి అడుగున 10 వదలండి. పేర్చినప్పుడు అడ్డపట్టీ కింది కుర్చీ అల్లిక మీద కూర్చోకుండా ఉండేది ఆ 10 వల్లే. బరువంతా సైడు పట్టీల మీదుగా చట్రం చెక్కకి పోవాల, అల్లికకి కాదు.

అడ్డపట్టీ ప్రతి చివరా రెండు టెనన్లు, ఒకదాని కింద ఒకటి. ఒక్కొక్కటి 20 ఎత్తు, 10 మందం, మధ్యలో 14 ఖాళీ, పైనా కిందా 3 చొప్పున భుజం, అంటే ఎదుటి చెక్కకి ఆనే మెట్టు. ఈ టెనన్లు సైడు పట్టీని దాటి, కాలిని కూడా దాటి బయటికి రావాల. సైడు పట్టీ 24, గాడి పోను కాలు 28, మొత్తం 52. కోసేటప్పుడు 55 ఉంచండి, బిగించినాక మిగిలింది చిత్రిక పట్టొచ్చు. కాలి మందం 32 అనుకొని చెప్తా ఉండాను, 40 అక్కర్లేదు. లోతు మాత్రం 40 ఉండాల.

ఒకే పెద్ద టెనన్ 54 ఎత్తుతో వేయొచ్చు కదా అనుకోవద్దండి. కాలిలో అంత పొడుగు బెజ్జం తొలిస్తే మధ్యలో పట్టే చెక్క ఉండదు. రెండుగా చేస్తే నడుమ 14 మి.మీ. చేవ చెక్క అట్లనే నిలిచి కాలు మెలితిరగకుండా కాపాడతాది.

బయట నుంచి టెనన్ గాట్లలోకి వెడ్జి, అంటే కొస సన్నటి చెక్క చీలిక, కొట్టే తీరు చూసుకోండి. వెడ్జి ఎప్పుడూ కాలి నారకి అడ్డంగా ఉండాల, దాని ఒత్తిడి పైకీ కిందికీ పోవాల. నిలువుగా కొడితే ఒత్తిడి పక్కలకి పోయి కాలు నిలువునా చీలతాది. ప్రతి టెనన్‌కీ పై అంచు నుంచి 4, కింది అంచు నుంచి 4 లోపలికి రెండు రంపం గాట్లు. గాటు లోతు 25 దాటకూడదు. సైడు పట్టీ నార ముందుకీ వెనక్కీ పోతాది, దాంట్లో టెనన్ పైకీ కిందికీ ఉబ్బితే పట్టీయే చీలతాది. ఉబ్బేదంతా కాలి మందంలోనే ఉబ్బాల. గాటు చివర 3 మి.మీ. బెజ్జం వేస్తే టెనన్ చీలిక లోపలికి పాకదు. కాలి బయటి ముఖంలో బెజ్జాన్ని పైనా కిందా ఒకటిన్నర చొప్పున వెడల్పు చేయండి, వెడ్జి దిగినాక టెనన్ తోకలాగా విచ్చుకొని ఇంక వెనక్కి రాదు.

4 డిగ్రీల కోణం ఎక్కడెక్కడ వస్తాదో ముందే గుర్తు పెట్టుకోండి. సైడు ఫ్రేములో అన్నీ చదునే, కోణం లేదు. అడ్డపట్టీ భుజాలు, బెజ్జం వాలు, వీపు బద్దల భుజాలు, ఈ మూడింట్లోనే వస్తాది. అడ్డపట్టీ భుజం నుంచి భుజానికి కింది అంచు పై అంచు కన్నా 8 మి.మీ. జాస్తి పొడుగు. బెజ్జాలు తొలిచేటప్పుడు ఫ్రేము కింద 100కి 7 లేచే చెక్క ముక్క పెట్టుకుంటే బరమా నిటారుగానే దించొచ్చు. కాలినీ పట్టీనీ గాడిలో బిగించి, రెండింటికీ కలిపే తొలవండి. విడివిడిగా తొలిస్తే అర మి.మీ. తేడా వచ్చినా టెనన్ పోదు. పోయేట్టు చెక్కితే పట్టు పోతాది.

వెనక మూలలో ఇంకో జాగ్రత్త. సైడు పట్టీ వెనక చివర కాలి అంచుతో సమంగా ఆగిపోవాల, 49లోనే అంతా సర్దుకోవాల కాబట్టి బయటికి పెంచే వీలు లేదు. అందుకని బెజ్జాన్ని కాలి నడుమన కాకుండా రెండు మూడు మి.మీ. ముందుకి జరపండి, పట్టీ చివర పట్టు మిగలతాది. ముందు వైపు ఈ ఇబ్బంది లేదు, పట్టీని కాలికి 25 ముందుకి పెంచుకోవచ్చు.

సత్రం_పనులు

గాడి 4 మాత్రమే అంటే తక్కువనిపిస్తోంది. 6 తీస్తే బలం పెరగదా అన్నా?

చేవ_చెక్క (చిత్తూరు)

పెరగతాది. కానీ అప్పుడు ఫ్రేము వాలు 4 కాదు, 5.3 డిగ్రీలు కావాల. నేల మీద వెడల్పు 555 అవతాది, వీపు పైన ఇంకో 20 సన్నబడతాది. వాలు పెంచకుండా గాడి ఒక్కటే 6 చేస్తే ఖాళీ 0.3 మి.మీ.కి దిగిపోయి కార్తీకం వానల్లో రెండో కుర్చీ దిగదు, దిగినా పైకి రాదు. 4 మి.మీ. గాడి భుజాలు బిగువుగా ఉంటే చాలు. గాడి పైన గీత, కింద గీత కత్తితో గీసి, రంపం గీతకి లోపలే పోనిచ్చి, ఉలితో గీతదాకా తేవాల. పట్టీ చేత్తో దూరితే వదులు. కొయ్యసుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు తీసుకుంటే సరి.

రంపంమిల్లు_లెక్క

చెక్క గురించి. కింది పట్టీలు లేని కుర్చీకి టేకు చేవ తప్ప వేరే ఆలోచన వద్దు. చిత్తూరు జిల్లాలో మామిడి చెక్క చవగ్గా దొరుకుతుంది, తోటలు తీసేసినప్పుడు దిమ్మెలు మిల్లులకి వస్తాయి. కానీ దానికి పురుగు సులువుగా పడుతుంది. మెత్తన కాబట్టి వెడ్జి దగ్గర నలిగి జాయింట్ వదులవుతుంది. వేపకి పురుగు భయం తక్కువ, అయితే నార మెలికలు తిరిగి ఉండటంతో చిత్రిక పడితే నార లేస్తుంది, పొడుగాటి వెనక కాలు వంకర పోతుంది. వేగిస గట్టిదే, కానీ తడి తగిలితే రంగు వదులుతుంది, రోజూ కడిగే నేల మీద మరకలు పడతాయి. ఎర్రచందనం పేరెత్తనే వద్దు. టేకైనా బిల్లూ, అటవీ శాఖ రవాణా పర్మిటూ చూసే కొనండి.

పాత ఇళ్ళ దూలాలు, ద్వారబంధాలు దొరికితే ఈ పనికి వాటికి మించింది లేదు. ఆ చెక్క ఏనాడో ఆరి ఉంటుంది. రంపం పెట్టే ముందు పాత మేకుల కోసం అయస్కాంతంతో వెతకాలి.

లెక్క: చిత్రిక పట్టాక ఒక్కో కుర్చీలో ఉండే చెక్క 0.3 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు), బరువు ఐదున్నర కిలోలకి అటూ ఇటూ. కానీ వెనక కాలు వంపు తిరిగి ఉంటుంది, 130 వెడల్పు పలక కావాలి. ఒక్కో కాలికి విడిగా పలక కోస్తే సగం పొట్టులోకి పోతుంది. 180 వెడల్పు పలక తీసుకుంటే రెండు కాళ్ళు ఒకదాని వంపులో ఒకటి పడుకుంటాయి. ఆ పద్ధతిలో కుర్చీకి 0.5 సీఎఫ్‌టీ కొనాలి. 24 కుర్చీలకి 12, ముడులకీ, చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకీ పోయేది కలిపి 13 పట్టుకోండి.

కాలి అచ్చు పలక మీద పెట్టేటప్పుడు సీటు దగ్గర 90 మి.మీ. భాగం నారతో సమాంతరంగా ఉండాలి. జాయింట్ అక్కడే. వీపు పైకి 12 డిగ్రీలు వాలేచోట నార కొద్దిగా తెగినా మోస్తుంది, జాయింట్ దగ్గర తెగితే మోయదు. వంపు కూడా సీటు పైన మొదలవ్వాలి, బెజ్జాల మధ్యలో కాదు.

చెక్క తేమ 10 నుంచి 12 శాతం మధ్య ఉన్నప్పుడు కోయండి. తిరుపతి ఎండలకి మేలో చెక్క బాగా ఎండిపోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు వానలకి మళ్ళీ తేమ పీలుస్తుంది. తేమ నాలుగు శాతం మారితే 70 వెడల్పు సైడు పట్టీ అర మి.మీ.కి పైగా పెరుగుతుంది లేదా తగ్గుతుంది. తడి చెక్కతో వానాకాలంలో బిగించిన గాడి వేసవికి వదులైపోవడానికి కారణం అదే. మీటరు లేకపోతే కోసిన పట్టీలని నీడలో గాలి ఆడేలా పేర్చి, ఒక ముక్కని వారం వారం తూచండి. బరువు మారడం ఆగాక పని మొదలెట్టండి.

బెత్తం_అల్లిక

సీటు చట్రం 60 వెడల్పు, 20 మందం చెక్క. వెనక మూలల్లో కాళ్ళకి చోటివ్వడానికి చిన్న కోత పెట్టాలి. బెత్తం అల్లికకైతే లోపలి అంచు నుంచి 12 మి.మీ. వదిలి, 5 మి.మీ. బెజ్జాలు 12–13 ఎడంతో. నవారు అల్లాలనుకుంటే జాగ్రత్త. అది చట్రం చుట్టూ తిరుగుతుంది కాబట్టి పైనా కిందా మందం, పక్కలకి వెడల్పు పెరుగుతాయి. మీ 2.3 ఖాళీ మొత్తం అక్కడే ఖర్చయిపోతుంది. నవారే కావాలంటే పక్క చట్రాలకి లోపలి వైపు సన్నటి కర్రలు బిగించి వాటికి చుట్టాలి, బయటి అంచు చెక్కగానే ఉండాలి.

వాడగా వాడగా బెత్తం సీటు సాగుతుంది. అడుగు వైపు తడిగుడ్డతో తడిపి రాత్రంతా వదిలేస్తే మళ్ళీ బిగుస్తుంది. కడిగే నీళ్ళు చిమ్మే భోజనశాలకి బెత్తమే నయం, నవారు మురికి పీలుస్తుంది.

మూలమట్టం

ఎన్ని పేర్చొచ్చన్న ప్రశ్న మిగిలింది. ఒక్కో కుర్చీ 49 ముందుకి పోతుంది కాబట్టి దొంతర బరువు కేంద్రం దానిలో సగం చొప్పున జరుగుతుంది: నాలుగింటికి 74, ఐదింటికి 98, ఆరింటికి 123, ఎనిమిదింటికి 172. ఒంటి కుర్చీ బరువు కేంద్రం ముందు కాళ్ళకి ఎంత వెనక ఉందో, కుర్చీని ఒక పైపు మీద పెట్టి అటూ ఇటూ జరిపి తూగే చోటు చూసుకోండి. ఈ కొలతలకి 240 దరిదాపుల్లో ఉంటుంది. ఎనిమిది పేరిస్తే మిగిలేది 70 లోపే, ఎవరైనా వెనక నుంచి తగిలితే ముందుకి పడుతుంది. ఆరు పెట్టొచ్చు, ఎత్తు 1300 అవుతుంది. నేను ఐదుకే ఆపమంటాను. ఎత్తు 1210, ఎవరైనా చేతులు పైకి చాచకుండా దించుకోగలరు. 24కి ఐదు దొంతరలు. దొంతర వీపు గోడ వైపుండాలి, ముందుకి వాలేది ఖాళీ నేల వైపు.

సైడు పట్టీ అడుగున రెండు చోట్ల 2 మి.మీ. తోలు బిళ్ళలు అంటిస్తే సీటు పాలిష్ గీరుకోదు. మందం ఇంకా పెంచవద్దు. 90 లెక్క 92 అయితే వెనక కాలి ఖాళీ తగ్గేది రవ్వంతే, కానీ ఐదు కుర్చీల దొంతరలో ఎత్తు తేడా పోగవుతుంది.

కాళ్ళ అడుగులు మర్చిపోవద్దు. రోజుకి నాలుగైదు సార్లు కడిగే గ్రానైట్ మీద నీళ్ళు కాలి కోత ముఖం నుంచే పైకి పాకుతాయి, అక్కడే నెర్రెలు విచ్చుతాయి. అడుగు అంచులు చుట్టూ 3 మి.మీ. వాలు కొట్టి, ఎపాక్సీ పీల్చినంతా పీల్చనిచ్చి, అది ఆరాక నైలాన్ బుడిపెలు కొట్టండి. బుడిపెకి చిన్న మేకు ఉంటుంది. మేకే వద్దంటే చెక్కలో గుంట తీసి రబ్బరు బిళ్ళని ఎపాక్సీతో కూర్చోబెట్టొచ్చు.

సత్రం_పనులు

అందరికీ ధన్యవాదాలు. చివరిగా బిగించే వరస చెప్తారా? వీపు బద్దలు, అడ్డపట్టీలు అన్నీ రెండు ఫ్రేముల మధ్యే కదా, ఏది ముందు?

చేవ_చెక్క (చిత్తూరు)

టేకు కొనక ముందు 12 మి.మీ. ప్లైవుడ్‌తో రెండు కుర్చీలకి సరిపడా నాలుగు సైడు ఫ్రేముల అచ్చు కోసి, కాళ్ళ చోట మందం కలిపి, అడ్డంగా బద్దలు బిగించి ఒకదాని మీద ఒకటి దించి చూడండి. ఖాళీలు అక్కడ సరిపోతే ఆ అచ్చులే కోతకి వాడుకోవచ్చు.

చెక్కలో వరస ఇట్ల. ముందు సైడు ఫ్రేములు: గాడిలో పట్టీ బిగించి, బంక లేకుండానే బెజ్జాలు తొలిచి, టెనన్లు దూరతాయో లేదో చూసుకొని, అప్పుడు గాడికి వాటర్‌ప్రూఫ్ బంక పెట్టి క్లాంపులు వేయండి. 24 గంటలు ఆరనీండి. పాలిష్ ముందుగా కొట్టకండి, బంక పట్టదు.

రెండో రోజు ఒక ఫ్రేముని బయటి ముఖం కిందికి వచ్చేట్టు బల్ల మీద పడుకోబెట్టండి. టెనన్ బయటికి వచ్చే చోట బల్లకి ఖాళీ ఉండాల. రెండు అడ్డపట్టీలు, వీపు పై బద్ద, నడిమి బద్ద నాలుగూ నిలబెట్టి, రెండో ఫ్రేముని పైనుంచి ఒకేసారి దించాల. వీపు బద్దల్ని తరువాత పెట్టే దారి లేదు, ఇది మరిచిపోతే మళ్ళీ అంతా ఊడదీయాల. వీపు బద్దల టెనన్లు 8 మందం, 22 పొడుగు, కాలిని దాటకుండా లోపలే ఆగతాయి. వాటిని బాగా ఎండిన వెదురు చీలలతో బిగించండి, 6 మి.మీ. చీల. టెనన్‌లో బెజ్జం భుజం వైపుకి ఒక మి.మీ. జరిపి తొలిస్తే చీల దిగేటప్పుడు భుజాన్ని లాక్కుంటాది.

భుజాలన్నీ కూర్చున్నాక కుర్చీని నిలబెట్టి, ముందుగా సీటు చట్రం కూర్చోబోయే చోట మూల నుంచి మూలకి రెండు కొలతలూ సమానమా చూడండి. తరువాత నాలుగు కాళ్ళూ సమతలం మీద ఆనతాయా చూడండి. తేడా ఉంటే బంక తడిగా ఉన్నప్పుడే మూలకి క్లాంపు వేసి లాగొచ్చు. ఆ తరువాతే వెడ్జిలు. పదహారు వెడ్జిలూ ముందే కోసి పెట్టుకోండి, టేకు చేవవే, 30 పొడుగు, మందం వైపు 3. ఒక టెనన్‌కి రెండు వెడ్జిలనీ మార్చి మార్చి దెబ్బ దెబ్బకీ సమంగా దించండి, ఒకటి పూర్తిగా కొట్టి రెండోది మొదలెడితే టెనన్ ఒక పక్కకి పోతాది. దెబ్బ శబ్దం బొంగురు నుంచి గట్టిగా మారితే ఆపేయండి. ఆపైన కొట్టే ప్రతి దెబ్బా కాలిని చీల్చడానికే.

సీటు చట్రం చివర్లో. చట్రానికీ సైడు పట్టీలకీ బంక పెట్టొద్దు, నాలుగు వెదురు చీలలతో వదిలేయండి. అల్లిక మార్చాల్సి వచ్చినప్పుడు చీల తొలిచి చట్రం ఒక్కటే పైకి తీసుకోవచ్చు, కుర్చీ జాయింట్ల జోలికి పోనక్కర్లేదు.